ప్రేమ నవల: మొదటి వాక్యం నుంచి పుస్తకాల షాపు దాకా

నా మొదటి నవల ఒక వారపత్రిక నుంచి తిరిగొచ్చింది. స్టాంపులంటించిన కవరు నేనే జతచేసి పంపాను కనుక తిరిగి రావడం మాత్రం ఖాయమే. 14వ పేజీ అంచున సంపాదకుడు పెన్సిల్‌తో రాసిన ఒక్క వాక్యం ఉంది: “అమ్మా, వీళ్లిద్దరూ పది నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఈ నవల ఇక్కడితో అయిపోతుంది కదా?”

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు మళ్లీ చదువుకుంటే ఆయన అన్నది అక్షరాలా నిజం. నా హీరో ఎవరో అమ్మాయితో హోటల్లో కనబడతాడు. ఆ అమ్మాయి అతని పిన్ని కూతురు. ఆ ఒక్క ముక్క అడక్కుండా నా హీరోయిన్ 180 పేజీలు ఏడ్చింది.

తర్వాత ఏడు నవలలు రాశాను. కొన్ని అచ్చయ్యాయి, కొన్ని ఫోన్లలో సీరియల్‌గా నడిచాయి, ఒకదాన్ని నేనే డబ్బు పెట్టి వేసుకున్నాను. ఏ క్రమంలో పని చేస్తే నాకు తలనొప్పి తగ్గిందో ఆ క్రమంలోనే చెబుతాను.

1. ముందు అడ్డు వెతకండి, ప్రేమ సంగతి తర్వాత

ఇద్దరు ఎలా కలిశారన్నది చాలామంది మొదట ఆలోచిస్తారు. వానలో గొడుగు, రైల్లో ఎదురు సీటు, పెళ్లిలో కూరల దగ్గర తగాదా. అవన్నీ అరగంటలో పుడతాయి. వాళ్లిద్దరూ ఎందుకు కలవలేరన్నదానికి మాత్రం నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

ఆ సంపాదకుడి పెన్సిల్ మాటే ఇప్పటికీ నా పరీక్ష. హీరో హీరోయిన్లను ఒక గదిలో కూర్చోబెట్టి, నిజమంతా ఒకరికొకరు చెప్పేసుకునేట్టు ఓ నాలుగు పేజీలు రాస్తాను. అది నవలలోకి రాదు, నాకోసమే. మాట్లాడుకోగానే గొడవ తీరిపోయిందా, ఆ అడ్డు పనికిరాదు. మాట్లాడుకున్నాక గొడవ ఇంకా బిగుసుకుందా, అప్పుడు నవల ఉన్నట్టు.

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను, చివరిదాకా దాన్నే వాడుకుందాం. సుభద్ర గోదావరి జిల్లాలో గ్రామ సచివాలయం సర్వేయరు. కిరణ్ డల్లాస్ నుంచి వచ్చాడు, తండ్రి పోయాక మిగిలిన రెండెకరాలు అమ్మి అక్కడి అప్పు తీర్చుకోవాలి. సుభద్ర కొలిస్తే ఆ పొలంలో 18 సెంట్లు పక్కవాళ్ల అనుభవంలో ఉన్నట్టు తేలింది. పక్కవాళ్లెవరో కాదు, తల్లిదండ్రులు లేని సుభద్రను పెంచిన మేనమామ. ఆయన ఇల్లు ఆ 18 సెంట్లలోనే ఉంది.

వీళ్లిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించండి. ఆమె కొలతలో తేలింది చెబితే అతనికి భూమి దక్కుతుంది, మామయ్యకి నీడ పోతుంది. చెప్పకపోతే రికార్డులో అబద్ధం రాసి, దాని మీద సంసారం కట్టుకోవాలి. అతను “పోనీలే, వదిలేస్తాను” అన్నా తీరదు. ఆ దయని ఆమె జీవితాంతం మోయాలి. ఇందులో విలన్ లేడు, చాటుగా వినే ఆడపడుచు లేదు. అడ్డు వాళ్ల మంచితనంలోంచే పుట్టింది.

1960ల నుంచి ఆడవాళ్లు రాసిన ప్రేమ నవలలు వారపత్రికల్ని ఏలిన రోజుల్లో, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు చిరిగి దారంతో కుట్టించుకుని మరీ తిరిగిన రోజుల్లో, జనం గుర్తుపెట్టుకున్నది హీరో పొడుగూ కారూ అనుకుంటాం. నాకు మాత్రం ఆ కథల్ని నిలబెట్టింది మధ్యతరగతి అమ్మాయి ఆత్మాభిమానమే అనిపిస్తుంది. అతను ఎంత ఇస్తానంటే ఆమె అంత దూరం జరుగుతుంది. అది కూడా పది నిమిషాల మాటలతో తేలేది కాదు. మనవాళ్లు ఆ కారును కాపీ కొట్టారు, అడ్డును వదిలేశారు.

2. ఉద్యోగం, జీతం, కాఫీ బిల్లు

హీరోయిన్ ఏం చేస్తుందో “సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం” అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆమె నవలంతా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సిందే. ఆ పని తెలిసినవాళ్ల పక్కన ఒక రోజంతా గడపండి. సర్వేయరు సంచిలో ఏముంటుంది, ఎఫ్‌ఎంబీ అనే పొలం కొలతల పటం ఎలా మడతపెడతారు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్‌కి సిగ్నల్ అందకపోతే చెట్టు కింద ఎంతసేపు నిలబడతారు, సర్వే రాయి పీకేసిన రైతు ఏమని బుకాయిస్తాడు. ఇవి తెలిస్తే సన్నివేశాలు వాటంతటవే వస్తాయి.

డబ్బు లెక్క కూడా రాసుకోండి: ఆమె చేతికెంత వస్తుంది, ఇంట్లో ఎంతిస్తుంది, చీటీ ఎంత కడుతుంది. పుస్తకంలో అంకెలు కనబడనక్కర్లేదు. కానీ అతను కాఫీకి పిలిచినప్పుడు బిల్లు ఎవరిస్తారో మీకు తెలిసి ఉండాలి.

3. “మీరు” ఎప్పుడు “నువ్వు” అయింది?

తెలుగులో ప్రేమ కథ రాసేవాళ్లకి ఇంతకన్నా పదునైన పనిముట్టు లేదు. చాలామంది దాన్ని వాడకుండానే పారేస్తారు. మొదటి అధ్యాయంలో “మీరు”, మూడో అధ్యాయంలో “నువ్వు”, మధ్యలో ఏం జరిగిందో రచయితకే తెలీదు.

సుభద్రని కిరణ్ మొదట “మేడమ్” అంటాడు, ప్రభుత్వ ఉద్యోగి కనుక. తర్వాత “సుభద్ర గారూ”. ఆమె “అండి” వదలదు. ఓ సాయంత్రం చీకటి పడేలోగా ఒక హద్దు మళ్లీ చూసుకోవాలని ఇద్దరూ టేపు లాగుతుంటారు. గాలికి టేపు జారిపోతుంటే అతను తొందరలో “ఆ చివర గట్టిగా పట్టుకో” అంటాడు. పట్టుకోండి కాదు, పట్టుకో. ఇద్దరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె గట్టిగా పట్టుకుంది.

నా లెక్కలో అదే మొదటి స్పర్శ. ఆ తర్వాత అతను మళ్లీ “అండి”కి వెళ్లిపోతే పాఠకులకి గుండె చివుక్కుమంటుంది. ఆ పని చేయడానికి మీకు ఒక్క విశేషణం కూడా అక్కర్లేదు.

ఈ కిటుకు అన్ని ఊళ్లలో ఒకేలా పనిచేయదు. తెలంగాణ పల్లెల్లో కొత్తవాళ్లతో కూడా “నువ్వు” సహజంగా వచ్చేస్తుంది, అందులో చనువూ లేదు, అమర్యాదా లేదు. అక్కడ కథ పెడితే పేరు పెట్టి పిలవడం ఎప్పుడు మొదలైందో, “ఏందిరా” అన్న మాటలో కోపం పోయి ముద్దు ఎప్పుడొచ్చిందో పట్టుకోవాలి. “బావా” అన్న పిలుపు మరీ చిత్రమైనది. అందులో వరసా ఉంది, హక్కూ ఉంది, వేళాకోళమూ ఉంది. మేనరికం మాట ఇంట్లో నలిగిన పిల్ల ఆ పిలుపు మానేసి హఠాత్తుగా పేరుతో పిలిచిందంటే, పెళ్లి వద్దని చెప్పేసినట్టే.

యాస గురించి ఒక్క మాట. సంభాషణల్లో యాస ఉండాలి కానీ ప్రతి వాక్యం చివరా “ఆయ్” తగిలిస్తే గోదావరి మనుషులు రారు, సినిమా కమెడియన్లు వస్తారు. ఆ ఊరివాళ్లతో చదివించి, వాళ్లు నవ్విన చోటల్లా తీసేయండి.

4. దగ్గరితనం ఎంత రాయాలి

మా అత్తగారు నా ప్రతి పుస్తకం చదివారు. అది దృష్టిలో పెట్టుకుని ఈ భాగం చదవండి.

ఇబ్బంది ఎక్కువగా మాటల దగ్గరే వస్తుంది. ఒక పక్క అధరాలు, పరిష్వంగాలు, ఇంకో పక్క బజారు మాటలు. మధ్యలో వాడదగ్గ తెలుగు తక్కువనుకుంటాం గానీ చెయ్యి, మెడ, ఊపిరి, చెమట, జారిన కొంగు, ఆగిన ఫ్యాను, ఇవన్నీ మన మాటలే. ఎంతదాకా రాయాలన్నది మీ ఇష్టం. ఎక్కడ ఆపినా ఆ సన్నివేశం తర్వాత ఇద్దరి మధ్యా ఏదో ఒకటి మారి ఉండాలి. మారకపోతే అది వాళ్లకోసం రాసింది కాదు.

5. అధ్యాయాల కొలత, సీరియల్ ఉచ్చు

నవల ఎంత ఉండాలని అడుగుతారు. డెమ్మీ సైజు (నవలలు మామూలుగా వచ్చే సైజు) పుస్తకంలో, అక్షరం సైజును బట్టి, పేజీకి సుమారు 220 నుంచి 250 మాటలు పడతాయి. 200 పేజీల పుస్తకం కావాలంటే 45 వేల మాటల దగ్గర ఉండాలి. నేను 30 అధ్యాయాలు, ఒక్కోటి 1500 మాటలు అని గీత గీసుకుంటాను. అంత కొలత ఫోన్లో చదివేవాళ్లకీ సరిపోతుంది. బస్సు నాలుగు స్టాపులు దాటేలోపు అయిపోతుంది.

ప్రతి అధ్యాయం చివర లారీ గుద్దనక్కర్లేదు. ఒక నిర్ణయం తీసుకోవాల్సిన చోట ఆపండి. సుభద్ర కొలతల కాగితం మీద సంతకం పెట్టబోతూ పెన్ను మూత తీసింది. అక్కడ ఆపితే చాలు.

ఇప్పుడు ఉచ్చు సంగతి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల్లో తెలుగులో భాగాలుగా రాయొచ్చు, పాఠకులు ప్రతి భాగం కిందా మాట్లాడతారు. రాసేవాళ్లకి అది అమృతం. నా మూడో నవల 30 భాగాలకి గీసుకున్నాను. “అప్పుడే ముగించకండి మేడమ్” అని రోజూ వస్తుంటే 62 దాకా లాగాను. అడ్డు 29వ భాగంలోనే తొలగిపోయింది కనుక మిగతా 33 భాగాలకీ కొత్త అడ్డులు పుట్టించాలి. ఒక కిడ్నాపు, ఒక మతిమరుపు, చచ్చిపోయాడనుకున్న ఒక అన్న. పుస్తకం వేసేటప్పుడు ఆ సగం మొత్తం కోసేశాను. ఎవరూ ఏం పోయిందని అడగలేదు.

కాబట్టి మొత్తం రాసి ముగించాకే మొదటి భాగం పెట్టండి. పాఠకుల మాటలతో సన్నివేశాలు దిద్దుకోండి, ముగింపు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

6. తిరగరాయడం, టైపు చేయడం

చిత్తుప్రతి అయ్యాక నెల రోజులు చూడకుండా పక్కన పెట్టండి. తర్వాత గట్టిగా చదవండి, పక్కింటివాళ్లకి వినబడేంత గట్టిగా. నోరు తిరగని సంభాషణ మనుషులు అనేది కాదు. ముగ్గురికి చదవడానికివ్వండి: ప్రేమ నవలలు బాగా చదివేవాళ్లొకరు, హీరోయిన్ చేసే పనే చేసేవాళ్లొకరు, ఇలాంటివి నాకు పడవని మొహం చిట్లించేవాళ్లొకరు. మూడోవాళ్లు ఏ పేజీలో పుస్తకం పక్కన పెట్టారో కనుక్కోండి. మీరు సాగదీసింది అక్కడే.

టైపు మొదటినుంచీ, ఏ ఫోన్లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనబడే యూనికోడ్‌లోనే చేయండి. ఫోన్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే లేఖిని, తెలుగు కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్, మీ చేతికి ఏది అలవాటైతే అది. పాత డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో పేజీలు కడతాయి. వాళ్ల ఫైలు మీ ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్ నుంచి అనులోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని గుణింతాలు తారుమారవుతాయి. మార్చాక ప్రూఫు మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. పేజీలు యూనికోడ్‌లోనే కట్టేవాళ్లు దొరికితే వదలకండి. మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

ఇంకో చిన్న చిక్కు. “ఆఫీస్‌లో” అని రాస్తే మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి ఉండాలి. అది లేకపోతే స-కారం కింద ల-వత్తు వచ్చి చేరుతుంది. నా ఒక పుస్తకంలో “బస్‌లో” అన్నచోటల్లా అలాగే అచ్చయింది. మూడుసార్లు ప్రూఫు చూసీ పట్టుకోలేదు, కన్ను ముందే సర్దుకుంటుంది కదా.

7. ఎక్కడికి పంపాలి

1978లో మొదలై నెలకో నవల ఇచ్చిన చతుర మాసపత్రిక ఇప్పుడు అచ్చులో లేదు. సీరియల్ వేసే వారపత్రికలూ బాగా తగ్గాయి. మిగిలినవి పోటీలు, చిన్న ప్రచురణ సంస్థలు, ఫోన్ వేదికలు, మీ సొంత డబ్బు.

పోటీకి పంపేటప్పుడు హామీపత్రం ఊరికే సంతకం పెట్టే కాగితం అనుకోకండి. “ఇది నా సొంత రచన, అనువాదం, అనుకరణ కాదు, మరెక్కడా ప్రచురితం కాలేదు” అని రాయించుకుంటారు. ఈ “మరెక్కడా”లో సోషల్ మీడియా, వెబ్ వేదికలు కూడా ఉన్నాయని చాలా పోటీలు విడిగా చెబుతాయి. ముందు ఫోన్లో సీరియల్ పెట్టేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకే వరస ముఖ్యం: పోటీ, తర్వాత ప్రచురణకర్త, ఆ తర్వాతే సీరియల్.

ప్రచురణకర్తకి మొత్తం నవల ఒకేసారి పంపకండి. ఒక పేజీ పరిచయం, మొదటి మూడు అధ్యాయాలు, ముగింపుతో సహా రెండు పేజీల కథాసారం. ముగింపు దాచిపెట్టి “తెలుసుకోవాలంటే చదవండి” అని రాసేవాళ్లున్నారు. అది సినిమా ట్రైలరుకి చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

అమెజాన్ ఈబుక్ వేదిక అయిన కిండిల్‌లో పెట్టాలనుకుంటే, వాళ్ల సహాయ పుటలో ఉన్న భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో ముందు చూసుకోండి. తమిళం, హిందీ ఉన్నాయి కదా అని మనదీ ఉంటుందనుకోకండి.

8. సంతకం పెట్టేముందు

నా రెండో నవలకి ఒక ప్రచురణ సంస్థ ఒకే పేజీ కాగితమిచ్చింది. అందులో “సర్వహక్కులు ప్రచురణకర్తవి” అని ఒక వాక్యం. పుస్తకం వస్తుందన్న సంతోషంలో చేతిలో పెన్ను ఆగలేదు. ఆరేళ్ల తర్వాత ఎవరో ఆడియో చేస్తామని అడిగితే నా కథని ఇవ్వడానికి నేనెవర్నని భయపడ్డాను. అప్పుడు చట్టం చదివాను. ముందే చదవాల్సింది.

1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయితలు గోడకి అంటించుకోదగ్గది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకి అన్నది రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ దేశానికి అన్నది రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట రాసి ఉంటే తప్ప, ఆ బదిలీ చెల్లదు. నా కాగితంలో ఎన్నేళ్లో రాయలేదు కనుక ఐదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆడియో నేనే ఇచ్చుకున్నాను. అయితే కొత్త ఒప్పందాల్లో కాలపరిమితి స్పష్టంగా “కాపీరైట్ ఉన్నంతకాలం” అని రాస్తున్నారు. కాపీరైట్ రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది. అంటే మీ మనవరాలు కూడా ఆ సంతకానికి కట్టుబడాలి.

అడగాల్సినవి ఇవి. అచ్చు హక్కు ఎన్ని ఏళ్లకి, ఎన్ని కాపీలకి? ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు విడివిడిగా రాశారా? రాయల్టీ (అమ్మిన కాపీల మీద రచయితకిచ్చే వాటా) అట్ట మీది ధర మీదా, కమిషన్ పోగా వచ్చినదాని మీదా? లెక్క ఏడాదికి ఎన్నిసార్లు చూపిస్తారు? సినిమా హక్కు అనగానే నవ్వకండి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1976లో సినిమాగా వచ్చింది. నవలలు తెరకెక్కడం మనకి కొత్తేం కాదు.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. చేయించుకుంటే వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

9. సొంతంగా వేసుకుంటే

డెమ్మీ సైజుకి ఒక ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయి మడతపడేది) అంటే 16 పేజీలు. 208 పేజీలైతే 13 ఫారాలు సరిగ్గా సరిపోతాయి. 211 అయిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారానికి డబ్బులు కట్టాలి. అప్పుడు ముందుమాటలో పొగడ్తలు కొంచెం కోస్తే అందరికీ మంచిది. కాగితం 70 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత), కాస్త పసుపు ఛాయ ఉన్న నేచురల్ షేడ్ అడగండి, తెల్ల కాగితం మీద రాత్రి లైటు కొడుతుంది. ఇప్పుడు డిజిటల్ ప్రెస్సుల్లో వంద కాపీలు కూడా వేస్తారు. కాపీకి కాస్త ఎక్కువ పడినా మొదటి పుస్తకానికి వందే వేయండి. వెయ్యి వేసిన నా అనుభవం మంచం కింద ఉంది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఇస్తారు, రచయితలు కూడా పెట్టుకోవచ్చు. దానికి డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మకండి. పుస్తకం వచ్చాక 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నైలోని కన్నెమరా లైబ్రరీ సహా మరో మూడింటికి ఒక్కో కాపీ పంపాలి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు.

ధర వేసేటప్పుడు కమిషన్ మర్చిపోవద్దు. మాట వరసకి అట్ట మీద 200 రూపాయలు, విక్రేతకి 40 శాతం అనుకుందాం. 80 పోయింది, మిగిలింది 120. అచ్చుకి కాపీకి 75 పడితే మీకు 45. అందులోంచి ప్యాకింగు, పోస్టు, ఊరికే పంచిన కాపీలు. షాపుల్లో అమ్మకానికి ఇచ్చిన ప్రతి కట్టకీ తారీఖు, కాపీల సంఖ్య రాసి సంతకం తీసుకోండి. మూడు నెలలకోసారి వెళ్లి లెక్క అడగండి. అడగడానికి మొహమాటపడితే ఆ డబ్బు రాదు.

విజయవాడలో జనవరిలో, హైదరాబాద్‌లో చలికాలంలో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. కొత్త పుస్తకం నవంబరు చివరికల్లా చేతిలో ఉండేట్టు ప్రెస్సుకి సెప్టెంబరులోనే ఇవ్వండి, దసరా, దీపావళి సెలవులు లెక్కలో పెట్టుకుని. స్టాల్లో నిలబడ్డప్పుడు కథంతా చెప్పకండి. “18 సెంట్ల కోసం విడిపోవాల్సిన ఇద్దరు” అంటే చాలు, అక్కడే ఆగి పేజీలు తిప్పేవాళ్లు ఉంటారు. నా సర్వేయరు స్నేహితురాలు ఒకసారి నా పక్కన నిలబడి నాకన్నా ఎక్కువ కాపీలు అమ్మింది. కాకపోతే వచ్చిన ప్రతివాళ్లకీ ముందు వాళ్ల పొలం గొడవ పరిష్కరించి, తర్వాత పుస్తకం చేతిలో పెట్టింది.

మిగిలిన కాపీల్ని సిమెంటు నేల మీద పెట్టకండి. కింద చెక్క పలక వేసి, గోడకి జానెడు దూరంగా, మధ్యమధ్య ఎండు వేపాకు వేయండి. వానాకాలం ముందు ఒకసారి కట్టలు విప్పి చూసుకోండి.